గుడిసెల కాక, ఢిల్లీ బంగ్లా

ఆ పొడుగు కట్టె జెర లోపలికి నూకురా కొడుకా, మంట బయటికొస్తుంది. చింతమొద్దు అది, ఒక్కసారి అంటుకుంటె తెల్లారేదాక ఉంటది. ఆ సకినాల గిన్నె ఇటియ్యి. నాకు పండ్లు లేవని నవ్వకు, ఛాయిల నానేసుకోని తింట.

ఇందాక టీవీల చూసినవ్ గద, ఢిల్లీల కాంగ్రెస్సోళ్లు కొత్త ఆఫీసు తెరిచిండ్రు. కోట్లా రోడ్డుల పెద్ద బంగ్లా, ఇందిరా భవన్ అని పేరు పెట్టిండ్రు. 1978 నుంచి ఈ 2025 దాక, అంటె నలభై ఏడేండ్లు, 24 అక్బర్ రోడ్డులనే ఉండిరి. ఇందిరమ్మ, రాజీవ్ గాంధీ, మన పీవీ, కేసరి, సోనియమ్మ, అందరు గదే ఇంట్ల కూసోని పార్టీ నడిపిండ్రు. టిక్కెట్లు ఆడనే, ముఖ్యమంత్రుల తలరాతలు ఆడనే. టీవీలామె ఆ ఇంటి చరిత్ర మస్తు చెప్పింది. ఒక్క ముచ్చట మాత్రం చెప్పలే. పార్టీ ఆఫీసు కాకముందు ఆ ఇల్లు మన సిద్దిపేట ఎంపీది.

నవ్వకు. ఒట్టు. గడ్డం వెంకటస్వామికి సర్కారిచ్చిన బంగ్లా అది. మీకు తెలిసింది పెద్దపల్లి కాక, మొన్నమొన్నటి ముసలాయన. నాకు తెలిసింది గుడిసెల వెంకటస్వామి. మనమే మూడుసార్లు ఢిల్లీకి తోలినం. అయినంక ఆయన మనల్ని ఇడిచిపెట్టి పెద్దపల్లి దిక్కు పోయిండు, అది వేరే ముచ్చట. వస్త, ఆడికి గూడ వస్త.

ఆయన మన ఊరోడు గాదు. పట్నంల పుట్టిండు, 1929 అక్టోబర్ 5 నాడు, పేద మాలోళ్ల ఇంట్ల. నిజాం జమాన అది. ఇప్పుడు మీరు చదువుకున్నట్టు చదువు, కొలువు అనే దారి ఆ ఇంటి పిల్లలకు ఏడుండె? అయితె రోజులు గూడ అసొంటియి. రజాకార్లు ఊర్ల మీద పడ్డరు, 1948 సెప్టెంబర్ల మిలిట్రీ వచ్చింది, దొరలకు రైతులకు కొట్లాటలు. ఊర్లల్ల బతకలేక జనం మూటముల్లె కట్టుకోని పట్నం దారి పట్టిరి. మన మెదక్ నుంచి, నల్లగొండ నుంచి, పాలమూరు నుంచి. పాలమూరోళ్లు లేకుంటె పట్నంల ఒక్క గోడ గూడ లేవకపోవు. పొద్దంత మట్టి మోసి, రాళ్లు కొట్టి, రాత్రికి ఏడ పండాలె? సర్కారు జాగ ఏడ కనిపిస్తె ఆడ నాలుగు గుంజలు పాతి, మీద తాటి కమ్మలు కప్పుడే.

గుడిసె అంటె మీకు సినిమాల చూసినంత తేలిక అనిపిస్తది. గుడిసెకు నంబరుండది. నంబరు లేకుంటె రేషన్ కారటుండది. కారటు లేకుంటె ఓటు లేదు, బడిల పేరు రాయమంటె అడ్రసు లేదు. ఒక పొద్దున సర్కారోళ్లొచ్చి పీకేస్తరు. ఆ గుంజలే ఏరుకోని ఇంకో జాగల పాతుకోవాలె. వెంకటస్వామి ఆ గుడిసెలోళ్లను ఒక్కతాటి మీదికి తెచ్చిండు. వాళ్లకు యూనియన్ పెట్టిండు. మిల్లు కార్మికులకు యూనియన్ ఉంటది, రైలోళ్లకు ఉంటది, గని గుడిసెల యూనియనేంది అని అప్పట్ల నవ్వినోళ్లున్నరు. మిల్లోడు సమ్మె చేస్తె మిల్లు బందైతది. గుడిసెలోడు సమ్మె చేస్తె ఏం బందైతది? ఏం గాదు. అందుకే ఆయన తీరు వేరుండె. ఒక్కడి గుడిసె పీకుతుంటె వందమందొచ్చి అడ్డం కూసునుడు, ఆఫీసు ముంగట బైఠాయించుడు, ఆఖరికి ఆ జాగకు పట్టా కాయితం తెచ్చుకునుడు. గుడిసెల వెంకటస్వామి అనే పేరు గట్ల పడ్డది. పెద్దోళ్లు ఎక్కిరింతకు పెట్టిండ్రో, పేదోళ్లు పావురంతోటి పెట్టిండ్రో గని, ఆయన మాత్రం ఆ పేరును సచ్చేదాక మోసిండు, ఏనాడు సిగ్గువడలే. కాంగ్రెస్‌ల ఉండె, ఐఎన్‌టీయూసీల పనిజేసె. 1957ల ఎమ్మెల్యే అయి ఐదేండ్లు అసెంబ్లీల కూసుండె.

ఇగ మన ముచ్చట. 1967 ఎలక్షన్లకు సిద్దిపేట పేరు మీద పార్లమెంటు సీటుండె, ఎస్సీలకు రిజర్వు. కాంగ్రెస్సోళ్లు ఈయనను పెట్టిండ్రు. సిద్దిపేట అంటె అప్పుడు గిట్ల నాలుగు లైన్ల రోడ్లు, జిల్లా ఆఫీసులు, కోమటిచెరువు మీద తీగల వంతెన ఉన్న సిద్దిపేట గాదు. మెదక్ జిల్లాల ఒక తాలూకా. ఏ కాయితం పనున్నా సంగారెడ్డికి ఉరకాలె. గూనపెంకుటిండ్లు, ఏ గల్లీల చూసినా మగ్గాల చప్పుడు. గొల్లభామ చీరెలు నేసేటోళ్లు, ఇంటింటికి బీడీలు చుట్టే ఆడోళ్లు. నేనప్పుడు గాంధీ చౌక్ కాడ ఒక దర్జీ దుకాణంల పని నేర్చుకుంటున్న. మిషిని మీద కూసోనియ్యకపోతుండె మా ఉస్తాదు, రెండేండ్లు కాజాలు, గుండీలే. ఆ దుకాణం అరుగే మా అసెంబ్లీ. పొద్దుగూకితె పెద్దమనుషులు ఆడ చేరి లోకం ముచ్చట్లన్ని పెడుతుండ్రి, నేను సూది చేతుల పట్టుకోని చెవులు అటేసేది.

"పట్నపోడు మనకేం చేస్తడు?" అని మా ఉస్తాదు గుణిసిండు. "ఊరోడు చేసిందేంది?" అని ఇంకొకాయన. గంతే, అయిపోయింది చర్చ. జోడెడ్ల గుర్తు మీద గెలిచిండు. నాకు ఓటు లేకుండె అప్పుడు, ఇరవై ఒకటి నిండితెనే ఓటు. జీపు మీద నిలబడి దండం పెట్టుకుంట పోతుంటె చూసిన, అంతే. లావు మనిషి, తెల్లబట్టలు. గొంతు మాత్రం మైకు అక్కెరలేని గొంతు.

గెలిచి రెండేండ్లు కాలే, 1969 వచ్చింది. ఆ సంవత్సరం గురించి చెప్పమంటె నాకు ఇప్పటికి పెయ్యి మీద వెంట్రుకలు లేస్తయి. 1956ల ఆంధ్ర తెలంగాణ కలిపినప్పుడు పెద్దమనుషులు ఒప్పందం రాసుకున్నరు, కొలువులు మీయి మీకే, మీ పైసలు మీకే అని. పదమూడేండ్లకు చూస్తె కాయితం కాయితమే ఉన్నది. ఇల్లెందు, పాల్వంచ దిక్కు మొదలైంది, ఉస్మానియ పోరగాండ్లు లేచిండ్రు, ఇగ ఊరూర మంటే. మన సిద్దిపేట వకీలు అనంతుల మదన్‌మోహన్, సన్నటి మనిషి, ఆయన ముంగటవడి తెలంగాణ ప్రజాసమితి పెట్టిన కాడ ఉన్నడు. తర్వాత మర్రి చెన్నారెడ్డి వచ్చి పగ్గాలు పట్టిండు. కొండా లక్ష్మణ్ బాపూజీ మంత్రి పదవినే ఇసిరికొట్టిండు. కాల్పులల్ల మూడు వందల మందికి పైన సచ్చిపోయిరని మనోళ్ల లెక్క. మా దుకాణంల అప్పుడు అంగీలు కుట్టుడు తక్కువ, జెండలు కుట్టుడు ఎక్కువ. పైసలు ఎవ్వరిచ్చిండ్రో ఎవ్వరియ్యలేదో, ఉస్తాదు గూడ అడగలే. పైసలు అడగని దర్జీని నేను మల్ల చూడలే.

1970ల సిద్దిపేట ఎమ్మెల్యే వి.బి. రాజు రాజ్యసభకు పోయిండు. సీటు ఖాళీ. ఉప ఎన్నిక వచ్చింది. మదన్‌మోహన్ నిలబడ్డడు, సిద్దిపేట ఆయనను అలగ్గ ఎత్తి అసెంబ్లీల కూసోబెట్టింది. ప్రజాసమితి గట్టితనం దేశానికి మన ఊరి నుంచి గూడ తెలిసింది. 2001ల కేసీఆర్ రాజీనామ చేసి మల్ల నిలబడ్డప్పుడు టీవీలోళ్లు అదే మొదటిసారన్నట్టు చెప్పిండ్రు. నేను నవ్వుకున్న. ఈ ఊరికి అది పాత అలవాటే.

వెంకటస్వామి గూడ కాంగ్రెస్‌ను ఇడిచి సమితిలకు వచ్చిండు. 1971 మార్చిల పార్లమెంటు ఎలక్షన్లు. దేశమంత ఇందిరమ్మ గాలి, గరీబీ హటావో అని. గని తెలంగాణల పద్నాలుగు సీట్లుంటె పది సమితి గెలుచుకున్నది. సిద్దిపేటల వెంకటస్వామి, మెదక్‌ల మల్లికార్జున్, కరీంనగర్‌ల ఎం. సత్యనారాయణరావు, హైదరాబాద్‌ల మేల్కోటే, గిట్ల. నా మొదటి ఓటు గదే. వేలికి సిరా అంటించుకోని దినమంత చూపెట్టుకుంట తిరిగిన, మీ నాయినమ్మ అప్పుడు ఇంకా పెండ్లి గాలె, ఆమెకు గూడ చూపెట్టిన. ఆమె చూడనట్టే పోయింది.

అయితె నా నోట మంచే కాదు, చెడు గూడ రావాలె గద. ఆరు నెలలు తిరగలే. సెప్టెంబర్ వచ్చెటాల్లకు సమితి పోయి కాంగ్రెస్‌ల కలిసిపోయింది. బ్రహ్మానందరెడ్డిని దింపి, మన పీవీని ముఖ్యమంత్రిని చేసిండ్రు, దాంతోటి ఐపాయె. తెలంగాణ ఏది? మా ఉస్తాదు జెండ గుడ్డ మిగిలిన ముక్కలతోటి దిండు గలేబులు కుట్టిండు. "ఓట్లేసినోళ్లం మనం, సౌదా చేసుకున్నది వాళ్లు" అన్నడు. చెన్నారెడ్డిని తిట్టినంత వెంకటస్వామిని తిట్టలే జనం, గని ఆ లెక్కల ఆయన పేరు గూడ ఉన్నది. దాన్ని చెరిపేసేటోణ్ని గాదు నేను.

1973ల ఢిల్లీల డిప్యూటీ మంత్రి అయిండు. సప్లయ్, పునరావాసం, కార్మిక శాఖలు చూసిండు.  ఆ టైములనే ఎమర్జెన్సీ వచ్చింది. ఇక్కడ నాకు రెండు మనసులు. ఒకదిక్కు చూస్తె వెట్టి చాకిరి రద్దు చట్టం అప్పుడే వచ్చింది, 1976ల. వెట్టి అంటె ఏందో తెలంగాణోనికి ఇంకొకరు చెప్పాల్నా? మా తాత దొర గడీల ఊకె బట్టలు కుట్టి, కూలి అడిగినందుకు గడీ ముంగట ఎండల నిలబడ్డడు. ఆడోళ్లకు మొగోళ్లకు సమాన కూలి అనే చట్టం గూడ అప్పటిదే. ఇంకోదిక్కు చూస్తె, 1975ల కార్మికులకు ఇచ్చే తక్కువల తక్కువ బోనస్ 8.33 శాతం నుంచి 4 శాతానికి దింపిండ్రు. కార్మికుల మనిషి ఆ సర్కారుల ఉండంగనే. అది గాక, 1976 ఏప్రిల్‌ల ఢిల్లీల తుర్క్‌మాన్ గేట్ కాడ బుల్డోజర్లు పెట్టి పేదోళ్ల ఇండ్లు కూలగొట్టిరి, అడ్డం వచ్చినోళ్ల మీద తుపాకులు పేలినయి. గుడిసెల వెంకటస్వామి అదే సర్కారుల డిప్యూటీ మంత్రి. పట్నంల గుంజలు పీకుతుంటె అడ్డం కూసున్న మనిషి, ఢిల్లీల ఇండ్లు కూలంగ కుర్చీల ఉన్నడు. కుర్చీ అంటె గంతేనా? గంతేనేమో. నాకు మాత్రం ఆ ముచ్చట గొంతుల ముల్లే.

1977ల జనం ఇందిరమ్మను ఓడగొట్టిండ్రు. రాయబరేలిల ఆమెనే ఓడిపోయింది. ఉత్తరాన కాంగ్రెస్ కొట్టుకపోయింది. ఆంధ్రప్రదేశ్‌ల మాత్రం నలభై రెండు సీట్లల్ల నలభై ఒకటి కాంగ్రెస్‌కే. పోయిన ఒక్కటి నంద్యాల, ఆడ నీలం సంజీవరెడ్డి గెలిచిండు. సిద్దిపేటల వెంకటస్వామి మూడోసారి. ఎందుకట్ల అని అడగకు, ఎమర్జెన్సీ జులుం ఉత్తరాన తగిలినంత మనకు తగలలే, గంతే.

ఇప్పుడొచ్చింది ఇంటి ముచ్చట. ఇను.

ప్రధాని ఇల్లు ఖాళీ చేసి ఇందిరమ్మ 12 విల్లింగ్డన్ క్రెసెంట్ అనే ఇంట్లకు మారింది. కేసులు, కమిషన్లు. నిన్నటిదాక దండాలు పెట్టినోళ్లు మొకం చాటేసిరి. 1978 జనవరిల పార్టీ మల్ల చీలింది. పాత ఆఫీసు ఆమె చేతిల లేదు, పైసలు లేవు, ఒక కుర్చీ బల్ల లేదు. కొత్త పార్టీకి బోర్డు పెట్టుకుందామంటె జాగ లేదు. ఢిల్లీల ఇల్లున్న ఎంపీలు లేరా? ఉన్నరు. గని ఆమెకు జాగ ఇస్తె మొరార్జీ సర్కారు కండ్లల్ల పడుతమని భయం. అప్పుడు 24 అక్బర్ రోడ్డు బంగ్లా ఇచ్చింది ఎవరనుకున్నవ్? మన వెంకటస్వామి. పట్నంల గుడిసెలోళ్లకు జాగ ఇప్పిచ్చినోడు, ఢిల్లీల ఇందిరమ్మకు జాగ ఇచ్చిండు. పిడికెడు మంది కార్యకర్తలు ఆ ఇంట్ల చాపలు పరుచుకోని మొదలుపెట్టిన పార్టీ, రెండేండ్లకు, 1980 జనవరిల, మల్ల దేశాన్ని ఏలింది.

ఆ ఇంటికి ముందు చరిత్ర ఇంకా సోకైంది. మనుమడు ఫోన్ల చదివి చెప్పిండు మొన్న. దాన్ని బర్మా హౌజ్ అంటుండ్రట. 1960ల కాడ బర్మా దేశం తరఫున రాయబారిగ ఒక ఆడామె వచ్చింది, దా ఖిన్ చీ. బర్మాకు స్వతంత్రం తెచ్చిన ఆంగ్ సాన్ పెండ్లాం. ఆమె మొగన్ని శత్రువులు కాల్చి చంపిండ్రు. నెహ్రూ ఆమెకు ఆ ఇల్లిచ్చిండు. పదిహేనేండ్ల బిడ్డను ఎంటవెట్టుకోని వచ్చింది. ఆ బిడ్డ ఢిల్లీలనే చదువుకున్నది. ఎవరనుకున్నవ్? ఆంగ్ సాన్ సూచీ. తర్వాత సొంత దేశంల మిలిట్రోళ్లు ఏండ్లకు ఏండ్లు ఇంట్లనే బందిఖాన పెట్టిరి, నోబెల్ ఇచ్చిండ్రు, అదంత మీరే చదువుకున్నరు. గా పిల్ల తిరిగిన అర్రలల్ల మన సిద్దిపేట ఎంపీ పండిండు, ఆ తర్వాత దేశంల పెద్ద పార్టీ కూసున్నది. ఒక్కొక్క ఇంటి రాత అట్లుంటది.

పుస్తకాలల్ల ఏం రాస్తరో ఎరుకేనా? "ఆంధ్ర ఎంపీ వెంకటస్వామి బంగ్లా" అని రాస్తరు. సిద్దిపేట పేరు రాయరు. ఆ సీటు లేకుంటె ఆయనకు ఆ బంగ్లా ఏడిది? మా ఓట్లకు వచ్చిన ఇల్లది, నేనైతె గిట్లనే అంట.

తర్వాత ముచ్చట జల్ది చెప్త. 1978ల చెన్నారెడ్డి ముఖ్యమంత్రి అయిండు, వెంకటస్వామి రాష్ట్రంల కార్మిక శాఖ, పౌర సరఫరాల మంత్రిగ వచ్చిండు. సిద్దిపేట ఎంపీ కుర్చీల నంది ఎల్లయ్య కూసున్నడు, ఆయన గూడ పట్నపోడే, మస్తు మంచోడు, ఎవ్వరు పిలిస్తె వాళ్లింటికి పోయేటోడు. 1982ల ఎన్టీ రామారావు పార్టీ పెట్టినప్పుడు ఇక్కడ కాంగ్రెస్ పీసీసీ పగ్గాలు వెంకటస్వామి చేతిల ఉండె. ఎసొంటి టైములో చూడు. ఆ గాలికి ఎవ్వరాగుతరు? 1983ల రాష్ట్రమంత ఊడ్చుకపోయింది. సిద్దిపేటల మాత్రం మదన్‌మోహన్ ఎట్లనో నిలబడ్డడు. ఆయన మీద నిలబడ్డ చింతమడక పోరడు 877 ఓట్ల తక్కువతోటి ఓడిండు. ఆ పోరడే కేసీఆర్, 1985ల గెలిచిండు, ఇగ ఆయన సంగతి మీకే ఎక్కువ ఎరుక.

1989ల వెంకటస్వామి పెద్దపల్లికి పోయిండు. గెలిచిండు. 1991, 1996, మల్ల 2004. సింగరేణి బొగ్గుబాయిలోళ్లు ఆయనను కాకా కాకా అని నెత్తిన పెట్టుకున్నరు. కంపెనీ నష్టాలల్ల మునిగి ఖాయిలా పరిశ్రమల బోర్డుకెక్కిన కాలంల ఢిల్లీల వాళ్ల తరఫున కొట్లాడిండని ఆ దిక్కోళ్లు ఇప్పటికి చెప్తరు. నాకు కడుపు మంటే. మన ఊరు పెంచిన మనిషిని వాళ్లెత్తుకపోయిండ్రు. అయినా గోదావరిఖనిల ఉన్నంత మంది కార్మికులు మన కాడ ఏడున్నరు? కార్మికుల లీడరు కార్మికులున్న తావుకు పోతడు.

పీవీ ప్రధాని అయినంక ఈయన మంత్రి. మొదలు గ్రామీణాభివృద్ధి, తర్వాత జౌళి శాఖ, 1995ల కార్మిక శాఖ గూడ చేతికొచ్చింది. ఇగో, ఇప్పుడు మీ నాయినమ్మ ముచ్చట.

రావే, దగ్గరికి జరుగు, సలి పెడుతుంది. మీ నాయినమ్మ పదేండ్లప్పుడు వాళ్లమ్మ పక్కన కూసోని తునికాకు కత్తిరించుడు నేర్చింది. చాట ఒళ్లె పెట్టుకోని, ఆకు తడిపి, తంబాకు పోసి, చుట్టి దారం కట్టుడు. దినానికి వెయ్యి చుడితెనే లెక్క. కార్ఖానల ఇచ్చినప్పుడు బాగలేవని కొన్ని తీసి పక్కకు పడేస్తరు, వాటి కూలి పోయినట్టే. నలభై ఏండ్లు. ఆమె ముంగట కూసోకు అని నేను అనేది, ఆ వాసనకు నాకు దగ్గొచ్చేది. కూలిల కొంత పీఎఫ్ కింద పట్టుకుంటుండ్రి. అంతకుముందు ఉన్న పద్ధతిల పింఛన్ అంటె పనిచేసే మనిషి సచ్చిపోతె ఇంటోళ్లకు వచ్చేది, 1971 నుంచి. బతికున్నోనికి ఏం లేకుండె. ముసలితనంల బతికుండుడే తప్పన్నట్టు.

1995 నవంబర్ 16 నుంచి కొత్త స్కీము వచ్చింది. యజమాని కట్టే పీఎఫ్‌ల నుంచి జీతం మీద 8.33 శాతం పింఛన్ ఖాతాకు పోతది, సర్కారు ఇంకొంచెం కలుపుతది, 1.16 శాతం. పదేండ్లు కట్టి 58 నిండితె నెలనెల పింఛన్. మనిషి పోతె పెండ్లానికో మొగనికో అందుల సగం. ప్రైవేటుల చేసేటోళ్లకు, మిల్లుల, గనిల, బీడీల కార్ఖానల పనిచేసేటోళ్లకు అంతకుముందు అసొంటిది లేదు. మరి ఇదంత వెంకటస్వామి ఒక్కని తలకాయల పుట్టిందా అంటె, లేదు. ఆ ఫైలు ఏండ్ల నుంచి తిరుగుతనే ఉన్నది, ఆయన ముందున్న మంత్రుల చేతులు గూడ పడ్డయి. యూనియనోళ్లల్ల గూడ వద్దన్నోళ్లున్నరు, మా పీఎఫ్ పైసలు మాకే ఇయ్యుండ్రి అని. గని అది బయటపడ్డది ఆయన కార్మిక మంత్రిగ ఉండంగ. ఆయన ఫోటో కింద ఈ పింఛన్ పేరు రాసుకుంటరు, రాసుకోనీ.

మీ నాయినమ్మకు మొదలు వచ్చింది ఎంతరా అంటె, చెప్తె నవ్వుతరు, చిల్లర పైసలు. కూలే తక్కువైతె కూలి మీద కట్టింది ఎంతుంటది? 2014 సెప్టెంబర్ నుంచి తక్కువల తక్కువ వెయ్యి రూపాయలు చేసిండ్రు. ఈ 2025 దాక అదే వెయ్యి. ఏడాదికోసారి బతికున్నట్టు వేలిముద్ర ఇయ్యాలె. నలభై ఏండ్లు బీడీలు చుట్టిన వేలికి గీతలేడియి? మిషిని పడతలేదంటది. ఒక ఏడు నాలుగుసార్లు తిప్పిచ్చిండ్రు ఒక ఆఫీసుల. ఆఖరికి మీ నాయినమ్మ కోపానికొచ్చి, "నేను బతికున్న, నీ ముంగట నిలబడి తిడుతున్న గద, రాసుకో" అన్నది. రాసుకున్నడు.

ఆఖరి రోజులల్ల మల్ల తెలంగాణ అనే మాట పట్టుకున్నడు వెంకటస్వామి. 1971ల ఇడిచిపెట్టిన అప్పు గుర్తుకొచ్చిందో ఏమో. 2004ల టీఆర్ఎస్ పొత్తుల గెలిచినప్పుడు డెబ్బై ఐదేండ్లకు దగ్గర. 2009 నవంబర్ 29 నాడు కేసీఆర్ దీక్షకు మన రంగధాంపల్లికి వస్తుంటె అల్గునూరు కాడ పట్టుకున్నరు, ఊరంత రోడ్డెక్కింది, నేను గూడ దీక్ష డేర ముంగట పొద్దంత కూసున్న. అప్పుడు వెంకటస్వామికి ఎనభై. కాంగ్రెస్‌లనే ఉండి, తెలంగాణ ఇస్తరా ఇయ్యరా అని తన పార్టీ పెద్దల మీదనే ఎగిరిండు. నోరు మూసుకొమ్మంటె మూసుకోలే. ఎనభై ఏండ్లోనికి టిక్కెట్ పోతదని భయమేముంటది? అప్పటికే కొడుకు వివేక్ పెద్దపల్లి ఎంపీ అయిండు, పెద్దోడు వినోద్ అంతకుముందే ఎమ్మెల్యే, మంత్రి. గుడిసెల నుంచి లేచిన మనిషి ఇంట్ల ఇప్పుడు ఫ్యాక్టరీలు, టీవీ ఛానల్, మనుమల దాక పదవులు. దాని మీద నన్నేం అడగకుండ్రి. పేదోని ఇల్లు పెద్దదైతె సంతోషమే. పెద్దదైనంక అది మల్ల పేదోళ్ల ఇల్లు కాదు, అది గూడ నిజమే.

2014 జూన్ 2 నాడు తెలంగాణ వచ్చింది. చూసిండు. అదే ఏడు డిసెంబర్ 22 నాడు పోయిండు, ఎనభై ఐదేండ్లకు. ఆ దినం నేను దుకాణంల ఉన్న, ఇంకా మిషిని తొక్కుతున్న అప్పటికి. రేడియోల చెప్పిండ్రు. పక్క సెల్‌ఫోన్ దుకాణం పోరడు "పెద్దపల్లి లీడరట తాతా" అన్నడు. వానికి 1967 నుంచి మొదలుపెట్టి చెప్పుకొచ్చిన. మధ్యల ఇద్దరు గిరాకీలొచ్చి పోయిండ్రు, వాడు వాళ్లకు రీచార్జి చేసిండు, నేను ఆగలే.

2008ల సీట్ల లెక్కలు మార్చినప్పుడు సిద్దిపేట పార్లమెంటు సీటు ఎగిరిపోయింది. మనం మెదక్‌ల కలిసినం. ఇప్పుడు సిద్దిపేట ఎంపీ అని ఎవ్వరు లేరు. ఏందే? నిద్రొస్తుందా? ఆయన సంగతి గాదా, నీ సంగతా? ఏమంటుందో ఇన్నవారా మీ నాయినమ్మ? 1971ల నేను సిరా వేలు చూపెట్టినప్పుడు ఆమె చూడకుండ పోలేదట. చూసిందట. ఆ దినం వాళ్ల నాయన ఎనక నడుస్తుండెనట, అందుకే మొకం తిప్పుకున్నదట. యాభై నాలుగేండ్లకు చెప్తుంది.